యాదమ్మ పేరు మీద వచ్చిన నాలుగో మెయిల్

చిన్నప్పుడు మా అమ్మ దిష్టి తీస్తానని ఎండుమిరపకాయలు పట్టుకొస్తే, ఆ ఘాటుకు దగ్గు రావడం తప్ప ఇంకేం జరగదని వాదించి చెంపదెబ్బ తిన్నదాన్ని నేను. ఎవరైనా ఇంట్లో అడుగుల చప్పుడు వినిపించిందంటే ముందు ఎలుకల సంగతి అడుగుతాను. దయ్యాలని ఎప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మమని చెప్పడం లేదు. ఇది చదివి ఈవిడకు పిరికితనం ఎక్కువ అనుకోకండి. నాకున్నది భయం కాదు, తప్పు చేశానన్న బాధ.

తొంభై తొమ్మిదిలో సంగతి. మాదాపూర్‌లో గుండ్రటి టవర్ కొత్తగా లేచిన రోజులు. కొండాపూర్ వైపు చూస్తే ఇంకా బండరాళ్లే కనపడేవి. టవర్‌కు కాస్త ఇవతల ఒక ఇంటి పై అంతస్తు కిరాయికి తీసుకుని మా సాఫ్ట్‌వేర్ కంపెనీ నడిచేది. ఇరవై మందిమి ఉండేవాళ్లం. నేను రిసెప్షన్‌లో కూర్చునేదాన్ని. రాజమండ్రిలో కంప్యూటర్ డిప్లొమా చేసి వచ్చాను గనక మెయిల్ పని కూడా నా నెత్తిన పెట్టారు.

ఆఫీసు మొత్తానికి ఒకటే మెయిల్ అడ్రసు. ఇప్పటివాళ్లకు వింతగా ఉంటుంది గానీ అప్పుడు చిన్న కంపెనీల్లో అలాగే ఉండేది. పంపేవాళ్లు సబ్జెక్టులో ముందుగా మనిషి పేరు రాసేవారు. నేను ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోన్ లైనుకు మోడెమ్ కలిపి, వచ్చినవన్నీ దించుకుని, పేర్లు చూసి ఎవరివి వాళ్లకు ప్రింటు తీసి ఇచ్చేదాన్ని. సైకిల్ లేదన్న మాటే గానీ పోస్ట్‌మాన్ ఉద్యోగమే.

ఆ ప్రింట్లలో పది పదిహేను రోజులకొకటి యాదమ్మకు ఉండేది. యాదమ్మ మా ఆఫీసు ఊడ్చి, తుడిచి, చాయ్ పెట్టేది. బోరబండ నుంచి వచ్చేది. భర్త రాములు గల్ఫ్‌లో భవనాల పనిలో ఉన్నాడు. ఉత్తరమైతే మూడు వారాలు, ఫోనైతే, వీధి బూత్‌కు ఆవిణ్ణి పిలుచుకొచ్చేలోపే ఆయన డబ్బులైపోయేవి, మాటలు అర నిమిషం. అందుకని ఆయన తన క్యాంపు ఆఫీసులో గుమాస్తాగా ఉన్న ఒక నెల్లూరాయన్ని బతిమాలుకుని, తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టించి మా అడ్రసుకు పంపేవాడు. మా ఎండీ గారు సరేనన్నారు. నేను చదివి వినిపిస్తే యాదమ్మ చాయ్ గిన్నె దగ్గర నిలబడి వినేది. జవాబు చెబితే నేను కొట్టి పంపేదాన్ని, ఆవిడ తనంతట తాను ముందుగా రాయించేది కాదు.

నిజం చెప్పాలంటే ఈ చదివే పని నాకు కొంచెం చిరాకుగానే ఉండేది. ఆవిడ ఒకే మాట రెండుసార్లు చదివించుకునేది. నాకు చేతినిండా పని ఉండేది. చిరాకు పైకి కనపడనిచ్చేదాన్ని కాదు గానీ, లోపల ఉండేది.

ఆ ఏడాది వానాకాలంలో చెత్త మెయిళ్లు ఎక్కువయ్యాయి. లాటరీలు, మందులు, ఎవరెవరివో ప్రకటనలు. ఏరలేక చచ్చేదాన్ని. మంచి మెయిల్ ప్రోగ్రాం ఒకటి చూసి పెట్టమని ఎండీ గారు చెప్పారు. ఒక పత్రికతో వచ్చిన సీడీలో మూడు దొరికాయి. ఒకటి చూడముచ్చటగా ఉంది గానీ తెరుచుకునేలోపు మనం చాయ్ తాగి రావచ్చు. రెండోదానికి వైరస్‌లంటే మహా ప్రేమ. మూడోది చిన్నది, ఒక్క ఫ్లాపీలో పట్టేసింది. దానికి ఫిల్టర్లు ఉన్నాయి. అంటే సబ్జెక్టులో ఫలానా పేరుంటే ఫలానా ఫోల్డర్‌లో వెయ్యమని ముందే చెప్పి పెట్టొచ్చు. నాకది తెగ నచ్చింది.

మూడు రోజులు కూర్చుని దాన్ని సర్దాను. హాజరు పట్టీ ముందు పెట్టుకుని, అందులో ఉన్న వరుసలోనే ఒక్కొక్కరి పేరు మీదా ఒక ఫోల్డర్, ఒక ఫిల్టర్. ఏ పేరూ లేని మెయిల్ తిన్నగా చెత్తబుట్టలోకి పోవాలి. ప్రోగ్రాం మూసినప్పుడల్లా చెత్తబుట్ట దానంతటదే ఖాళీ కావాలి. సర్వర్‌లో మాకిచ్చిన చోటు చిన్నది గనక అక్కడ కాపీ ఉంచమనే టిక్కు కూడా తీసేశాను. ఎండీ గారు వచ్చి చూసి, పద్మజా, ఇల్లు కూడా ఇలాగే సర్దుతావా అన్నారు. నేను పొంగిపోయాను.

యాదమ్మ పేరు హాజరు పట్టీలో లేదు. ఆవిడ మా ఉద్యోగి కాదు, శుభ్రం చేసే కాంట్రాక్టరు పంపిన మనిషి.

మర్చిపోయానని చాలామందికి చెప్పాను. అది అబద్ధం. చివరి పేరు ఎక్కించాక యాదమ్మ గుర్తొచ్చింది. బస్సుకు టైమవుతోంది, రేపు చూద్దాంలే అనుకున్నాను. మూసాపేట బస్సెక్కి ఇంటికి వెళ్లాను. ఆ రేపు మళ్లీ రాలేదు.

వారం పోయాక యాదమ్మ అడిగింది, ఆయన దగ్గర్నుంచి మెయిల్ వచ్చిందా అని. రాలేదన్నాను. నేను చూసినంతలో నిజంగానే రాలేదు మరి. తరవాత రెండు రోజులకోసారి అడిగేది. ఆ తరవాత రోజూ అడిగేది. ఒకరోజు క్లయింటు ఫోనులో ఉండగా వచ్చి నిలబడింది. రిసీవర్ మీద చెయ్యి అడ్డం పెట్టి, వస్తే నేనే చెప్తాను కదా యాదమ్మా, రోజూ ప్రాణం తీయకు అన్నాను. ఆ మాట అన్న నోటిని ఇప్పటికీ తిట్టుకుంటాను. ఆవిడ మళ్లీ అడగలేదు. చాయ్ తెచ్చి బల్ల మీద పెట్టి, ఒక్క క్షణం నా కంప్యూటర్ వంక చూసి వెళ్లిపోయేది.

అలా అయిదు వారాలు గడిచాయి. అప్పుడు మా వీధిలో పైపుల కోసం తవ్వుతూ ఒక సోమవారం టెలిఫోన్ కేబుల్ తెంచేశారు. ఎక్స్ఛేంజిలో కంప్లైంటు ఇస్తే శనివారం దాకా ఆగమన్నారు. ఫోను లేదు, మెయిలూ లేదు. నేను మోడెమ్‌ను గోడ నుంచి ఊడదీసి డ్రాయర్‌లో పెట్టేశాను. ఇది ముఖ్యం గనక మళ్లీ చెబుతున్నాను, మోడెమ్ డ్రాయర్‌లో ఉంది.

బుధవారం ఉదయం పదకొండు దాటింది. ఎండ కిటికీలోంచి బల్ల మీద పడుతోంది. సురేష్ అని మా ప్రోగ్రామరు, కరీంనగర్ మనిషి, పాత మెయిల్‌లో ఉన్న క్లయింటు చిరునామా ఒకటి కావాలని వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నేను మెయిల్ ప్రోగ్రాం తెరిచాను. ఎడమ వైపు ఫోల్డర్లు వరుసగా ఉన్నాయి. అందరి పేర్ల కింద, చివర, ఇంకొకటి ఉంది. యాదమ్మ. దాని పక్కన ఒకటి అని అంకె, చదవని మెయిల్ ఉన్నట్టు.

సురేష్ కూడా చూశాడు. "గిదెప్పుడు పెట్టిండ్రు మేడం?" అన్నాడు.

నేను పెట్టలేదు. ఆ కంప్యూటర్ పాస్‌వర్డ్ నాకు తప్ప ఎవరికీ తెలియదు. నొక్కి తెరిచాను.

అక్షరాలు ఇంగ్లీషువే, మాటలు తెలుగు. ఆ మాటలు నాకు నోటికి వచ్చు. "యాదమ్మా, మూడుసార్లు అడిగిన. కడుపుల గడ్డ ఉన్నదన్నరు. ఈడనే కోయించుకోవాల్నా, ఇంటికి రావాల్నా అంటే నువ్వు పలకలే. నీ మాట కోసం ఆగిన. నువ్వు పట్టించుకోలేదని మనసుల పెట్టుకున్న. నీకు అందనే లేదని ఇప్పుడు తెలిసింది. ఇగ మనసుల ఏం లేదు."

సురేష్ వెంటనే ఫోన్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు. చడీచప్పుడు లేదు. నేను డ్రాయర్ లాగి చూశాను. మోడెమ్ అక్కడే ఉంది, దాని తీగ చుట్టకు చుట్టి.

మామూలుగా ప్రతి మెయిల్‌కూ పైన హెడర్‌లో అది ఏయే సర్వర్ల మీదుగా వచ్చిందో ఉంటుంది, ఉత్తరం మీద పోస్టాఫీసు ముద్రల్లాగా. దీనికి ఒక్క ముద్ర లేదు. తేదీ లేదు. రాములు మెయిళ్లన్నీ నెల్లూరాయన అడ్రసు నుంచి వచ్చేవి. దీని మీద అడ్రసే లేదు, రాములు అన్న పేరు మాత్రం ఉంది. సైజు దగ్గర సున్నా ఉంది. నేను ప్రింటు తీశాను, కాగితం మీదకు మొత్తం వచ్చింది. ప్రోగ్రాం మూసి మళ్లీ తెరిస్తే ఆ ఫోల్డర్ లేదు. డిస్కంతా వెతికాం. ఎక్కడా దొరకలేదు.

మూడుసార్లు అడిగిన అన్న మాట దగ్గరే నాకు విషయం అర్థమైంది. ఫిల్టర్ల జాబితా తెరిచి, పేర్లు పై నుంచి కింది దాకా వేలు పెట్టి చదివాను. లేదు. ఆ మూడింటినీ నేనే చెత్తబుట్టలో వేసి, నేనే ఖాళీ చేశాను. సురేష్‌కు చెప్పలేదు. నీళ్లు తాగి వస్తానని లేచి వెళ్లి బాత్రూంలో ఏడ్చాను.

ఆ రోజు యాదమ్మ పనిలోకి రాలేదు. మధ్యాహ్నం కాంట్రాక్టరు మనిషి వచ్చి చెప్పాడు, రాములు ముందురోజు రాత్రి అక్కడి దవాఖానలో చనిపోయాడని, పొద్దున బోరబండలో వాళ్ల వీధి చివరి ఫోన్ బూత్‌కు కబురొచ్చిందని.

శనివారం లైను బాగయ్యాక నెల్లూరాయనకు మెయిల్ రాశాను. ఆయన వెంటనే జవాబిచ్చాడు. తాను కొట్టి పంపినవి మూడేనట. డాక్టర్లు ఆపరేషన్ అంటే రాములు ఇంట్లో అడిగి చెబుతానని వాయిదా వేస్తూ వచ్చాడట. గడ్డ లోపలే పగిలిందట. దవాఖానలో చేరాక స్పృహ లేదు, నాలుగోది ఎవరు పంపారో నాకు తెలియదు, నేనైతే పంపలేదు అని రాశాడు. మూడింటిలోనూ ఆపరేషన్ సంగతి అడిగించాడు, మిగతావి ఇంటి మాటలు, నాకు గుర్తు లేవండి అన్నాడు.

శవం రావడానికి రెండు వారాలు దాటింది. అన్ని రోజులూ ఆ కాగితం నా బ్యాగులోనే ఉంది. మళ్లీ కాంట్రాక్టరు మనిషే చెప్పాడు, యాదమ్మను అత్తగారు, ఆడబిడ్డలు నానా మాటలు అంటున్నారని. మొగుడు చావు బతుకుల్లో ఉండి మూడుసార్లు అడిగితే ఒక్క మాట చెప్పలేదని క్యాంపులోని వాళ్లు ఫోనులో చెప్పారట. అది పట్టుకుని ఊరంతా అంటున్నారు. ఇక ఆగలేకపోయాను.

దినం రోజున బోరబండ వెళ్లాను. ఒక్క గది ఇల్లు, ముందు చిన్న అరుగు, అరుగు నిండా జనం. యాదమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. నేను కాగితం తీసి అందరూ వినేలా చదివాను. నీకు అందనే లేదని ఇప్పుడు తెలిసింది అన్న చోట అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుంది. ఎందుకు అందలేదని ఒక పెద్దాయన అడిగాడు. మా ఆఫీసు ఫోన్ లైను తెగిపోయిందండి, అందుకే ఆలస్యమైంది అన్నాను. ఆ అబద్ధం అంత తేలిగ్గా నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. వాళ్లు నమ్మారు. ఆడబిడ్డ వచ్చి యాదమ్మ భుజం మీద చెయ్యి వేసింది. ఒకావిడ నాకు చాయ్ ఇచ్చింది, అది తాగలేకపోయాను.

సాగనంపడానికి యాదమ్మ వీధి మలుపు దాకా వచ్చింది. ఎవరూ లేని చోట ఆగింది.

"లైన్ తెగింది సోమారం మేడం. తవ్వేటోళ్లకు చాయ్ నేనే ఇచ్చిన. నేను అంతకు నెల ముందుగాల్నుంచే అడుగుతున్న" అంది. "వాళ్ల ముందల అనలే" అంది.

అప్పుడు చెప్పాను. లైను కాదు యాదమ్మా, నేనే, నీ పేరు ఎక్కించలేదు, వచ్చినవి వచ్చినట్టే చెరిపేశాను అన్నాను. రేపు చూద్దాంలే అనుకున్న సంగతి కూడా చెప్పాను. కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఆ మూడిట్ల ఇంకేం రాసిండు?" అని అడిగింది.

తెలియదన్నాను. ఒక్కటి కూడా చదవలేదన్నాను. ఆవిడ నా మొహం వంక చూసి, నా చేతిలోని కాగితం తీసుకుని, మడిచి జాకెట్‌లో పెట్టుకుని వెళ్లిపోయింది. మళ్లీ మా ఆఫీసుకు రాలేదు. మరుసటి ఏడు నేను వెళ్లేసరికి ఆ ఇంట్లో వేరేవాళ్లున్నారు.

ఆ తరవాత ఇరవై ఏళ్లకు పైగా సర్వర్ల పనిలోనే ఉన్నాను. నా దగ్గర పనిచేసిన వాళ్లకు ఈ సంగతి చెప్పి, ఎలా జరిగి ఉంటుందో ఆలోచించమన్నాను. ఒకరు డిస్కు పాడై ఉంటుందన్నారు, ఒకరు సురేష్ ఆట పట్టించి ఉంటాడన్నారు. సురేష్‌కు ఆ గడ్డ సంగతి ఎలా తెలుస్తుంది? డిస్కుకు ఎలా తెలుస్తుంది? అది ఎక్కడి నుంచి, ఏ దారిన వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

ఒక్కటి పంపగలిగిన మనిషి ఆ మూడూ కూడా మళ్లీ పంపి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటాను. యాదమ్మ అడిగినప్పుడు చదివి వినిపించేదాన్ని. ఎన్నిసార్లు చదవమన్నా చదివేదాన్ని.