దర్జీ దుకాణంలో లాటరీ దరువు

కళ తపస్సనేవాళ్లు మా వీధి దర్జీని చూడలేదు. ఆవిడ మిషన్ టకటక, కత్తెర కచకచ, వచ్చినవాళ్ల తిట్లు, తను చెప్పే వాయిదాలు ఫోనులో పట్టి, కంప్యూటర్లో ముక్కలు చేసి దరువు కట్టింది. ఏ ముక్క ఎప్పుడు మోగాలో కంప్యూటరే లాటరీ తీస్తుంది. దరువు ఉన్నట్టుండి మారిపోతుంది. దానికి డాన్సు టీచరు చేత ఆడించాలని ఆమె ఆశ. ఆ టీచరు బట్టలేమో మూడు వారాలుగా కుట్టనే లేదు.

టీచరు రుసరుసలాడుతూ వచ్చింది. "నా గుడ్డ నాకిచ్చెయ్ తల్లీ, నీకో దణ్ణం!"

కంగారులో దర్జీ మోచెయ్యి కంప్యూటరు మీటకు తగిలింది. టకటక, కచకచ, "ఇంకెప్పుడిస్తావే?", టకటక, "ఇంకెప్పుడి... ఇంకెప్పుడి..."

"అది నా గొంతే కదే!" అంటూనే టీచరు పాదం ఆడింది, నడుమూ కదిలింది. "మా పిల్లలకి ఇదే కావాలి. ఎప్పుడిస్తావ్?"

దర్జీ నోరు తెరిచేలోపే కంప్యూటరు ఆమె గొంతుతోనే అంది: "రేపిస్తానక్కా!"