వంగని మణికట్టు

కుక్కను కొట్టింది ఉదయం ఆరుంబావుకి. ఆ రోజు డైరీలో ఇలా ఉంది: "అశోక్ నగర్. టీ బండి పక్క సందు. గోధుమరంగు కుక్క. ఒకటే దెబ్బ, పక్కటెముకల మీద." అది అరుచుకుంటూ పోయి హాస్టల్ మెట్ల కింద దూరింది. మెట్ల మీద పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని చదువుతున్న ఇద్దరు కుర్రాళ్లు తలెత్తి చూశారు. కుక్కను కాదు, నన్ను.

ఆ కర్ర నేను కొన్నది కాదు. చిక్కడపల్లిలో మా అపార్ట్‌మెంట్లో ఇల్లు ఖాళీ చేసి వెళ్తూ ఒకాయన లిఫ్టు పక్కన వదిలేసిన గోల్ఫ్ కర్ర. ఇనుప మూతి, రబ్బరు పిడి. అంతకు ముందు నెల ఒక కుక్క నా పిక్క పట్టుకుంది. సూదులు పొడిపించుకున్నాక వాకింగ్‌కు ఆ కర్ర లేకుండా వెళ్లడం మానేశాను. నాకు డెబ్బై అయిదేళ్లు. పరిగెత్తలేను, కొట్టగలను.

టీ బండి దగ్గర గ్లాసు పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్లుంటాయి. ఎండకు కాగిన మెడ, తెల్ల టోపీ.

"ఏం కొట్టిండ్రు సార్!" అన్నాడు. మెచ్చుకోలో వెక్కిరింపో తెలియలేదు. "కానీ గది కుక్కలను కొట్టేది గాదు. సెవెన్ ఐరన్ అంటరు దాన్ని."

"కరిస్తే సూదులు నువ్వు ఏయించుకుంటవా?"

"నేనెందుకు సార్? జర పైకి రండ్రి. గంత కోపం కుక్క మీద ఎందుకు ఖరాబు జేస్కుంటరు? కొట్టనీకి బంతులున్నయి నా దగ్గర, బకెట్ నిండ."

ఆ సందులోనే ఒక కోచింగ్ సెంటర్ భవనం మీద, డాబా అంతా నైలాన్ వలలు కట్టి, పచ్చ చాపలు పరిచి, గోల్ఫ్ నేర్పుతాడట. సాయంత్రాలు పిల్లలు కార్లలో వస్తారు, పొద్దున ఎవరూ ఉండరు. ఊరి బయట గోల్ఫ్ మైదానంలో ఇరవై ఏళ్లు పెద్దవాళ్ల సంచులు మోశాడు. వాళ్లు పారేసిన కర్రలతోనే ఆట నేర్చుకున్నాడు. ఇదంతా మెట్లెక్కుతూ చెప్పాడు. నాలుగు అంతస్తులు. మూడో అంతస్తులో మైకు పట్టుకున్న లెక్చరర్ రాజ్యాంగ సవరణలు వరసపెట్టి అరుస్తున్నాడు.

మొదటి బంతిని కొట్టాను. అది వల పైకప్పుకు తగిలి తిరిగి నా భుజం మీదే పడింది. రెండోది నేల మీద పాకింది. ముప్పయ్యో బంతికి చొక్కా తడిసిపోయింది. నాకు ఆనందంగా ఉంది. ఏదో ఒకదాన్ని, అది అరవకుండా, ఎవరూ తలెత్తి చూడకుండా, బలమంతా పెట్టి కొట్టి ఎన్నాళ్లయిందో. మర్నాడు మళ్లీ వెళ్లాను. ఆ మర్నాడూ వెళ్లాను.

అతను నా భుజాలను, నడుమును పట్టించుకోలేదు. ఎప్పుడూ నా మణికట్లనే చూసేవాడు.

"కర్ర మీదికి పోయినప్పుడు కుడి మణికట్టు వెనక్కి వంగాలె సార్, హోటల్ల సర్వర్ ట్రే పట్టుకున్నట్టు. ఎడమది మాత్రం వంగొద్దు. మోచెయ్యి నుంచి వేళ్ల దాక పీట లెక్క సాఫుగ ఉండాలె. కర్ర బంతికి తగిలేదాక గట్లనే ఉండాలె. మీరేం జేస్తున్నరు? తగలకముందే కుడిచెయ్యి చటుక్కున విసురుతున్నరు. ఎడమది విరిగినట్టు ఎనకకు వంగుతున్నది."

"వయసు. కీళ్లు పట్టేసినయి."

"కీళ్లు మంచిగున్నయి సార్. మీ అంత మెత్తటి మణికట్టు పోరగాళ్లకు గూడ లేదు. అదే పరేషాన్." చాప మీద ఇంకో బంతి పెట్టి అన్నాడు. "మీ చెయ్యి బంతిని కొడ్తలేదు. ఎవరినో కొడ్తున్నది."

నేను నవ్వాను. అతను నవ్వలేదు.

రెండు వారాలు గడిచాక ఒక చెక్క స్కేలు తెచ్చి, నా ఎడమ చేతి వెనక, మణికట్టు మీదుగా పెట్టి, గుడ్డ పట్టీతో గట్టిగా చుట్టాడు. మణికట్టు వెనక్కి వంగితే స్కేలు అంచు ఎముకను నొక్కుతుంది, అదే పాఠం. పది బంతులకు చర్మం కందిపోయింది. పట్టీ కడుతున్నప్పుడు అతని చేతులు దగ్గరగా కనిపించాయి. అతని ఎడమ మణికట్టు మీద, చిటికెన వేలి వైపు, ఉసిరికాయంత బుడిపె ఉంది.

"నీకు స్కేలు వద్దా?" అన్నాను.

"నాది వంగది సార్." ఎడమ అరచేతిని గోడకు ఆనించి మోచేతిని ముందుకు తోశాడు. చెయ్యి కొంచెం కదిలి ఆగిపోయింది, తాళం వేసిన తలుపులా. "వెనకకు ఇంతే. గందుకే నా బంతి సక్కగ పోతది. పెద్ద పెద్దోళ్లు అడుగుతరు, గింత సాఫు మణికట్టు ఎట్ల ప్రాక్టీస్ జేసినవ్ అని. లెక్కల సార్ నేర్పిండని చెప్త."

మైకు గొంతు కింద నుంచి వినిపిస్తూనే ఉంది.

"టెన్త్ బి సార్," అన్నాడతను. "మీరు కొట్టేటప్పుడు చెయ్యి మీదికి లేవది. మణికట్టొక్కటే తిరుగుతది. కుక్కను కొట్టిన్నాడే గుర్తువట్టిన."

నేను స్కేలు విప్పించుకోకుండానే మెట్లు దిగాను. చిక్కడపల్లి చౌరస్తా దాటాక గాని చేతికి అది ఉన్న సంగతి గుర్తు రాలేదు.

నారాయణగూడలో ఒక హైస్కూల్లో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పాను. రోజూ కొట్టాను. కొట్టినదంతా రాశాను. తరగతి, చెయ్యి, ఎన్ని దెబ్బలు, ఎందుకు. రాసుకుంటే కోపం అదుపులో ఉంటుందని నమ్మేవాణ్ణి. నాకొక నియమం ఉండేది. రాసే చేతి మీద కొట్టను. పిల్లలంతా ఎరుగుదురు. పేరు పిలవగానే ఎడమ చెయ్యి చాపేవాళ్లు. తోటి మాస్టార్లు చేతికందిన చోటల్లా బాదుతుంటే, నేను మాత్రం పద్ధతి గల మనిషినని గర్వపడేవాణ్ణి. రూళ్లకర్ర వాడేవాణ్ణి. గుండ్రటి, బరువైన చెక్క కర్ర. దానికి చెయ్యి ఎత్తనక్కర లేదు. మణికట్టు విదిలిస్తే చాలు.

బీరువా అడుగు నుంచి అతను నా టెన్త్ బిలో ఉన్న సంవత్సరం డైరీ తీశాను. పేజీ దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు.

"10-బి. మూడో బెంచీ అంతా, సిద్ధాంతం రానందుకు. ఒకడు ఎదురు తిరిగాడు. ఎడమ చెయ్యి, బోర్లా తిప్పించి. మూడు. మూడోది మణికట్టు ఎముక మీద. శబ్దం వచ్చింది. గోడ మీంచి పడ్డాడని హెడ్మాస్టరుకు చెప్పాను. తండ్రి నమ్మాడు. రాత్రి వంకాయ కూర, ఉప్పు ఎక్కువ."

ఎదురు తిరగడమంటే ఏమిటో ఆ పేజీలో లేదు. నాకు తెలుసు. అతను కుడి చెయ్యి చాపాడు. "ఎడమది," అన్నాను. "నేను రాసేది గదే సార్," అన్నాడు. "పుర్రచేతోడు సార్!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. క్లాసంతా నవ్వింది. ఎనిమిది నెలలుగా నా ముందు కూర్చుని అతను ఎడమ చేత్తో లెక్కలు చేస్తున్నాడు, నేనొక్క రోజూ చూడలేదు. నా నియమాన్ని నాకంటే సరిగ్గా పాటించింది ఆ రోజు అతనొక్కడే. నేను మాత్రం నన్ను ఎగతాళి చేస్తున్నాడనుకుని, ఎడమ చెయ్యి లాగి బల్ల మీద బోర్లా పెట్టించాను.

తండ్రి చిక్కడపల్లి మార్కెట్లో కూరగాయల మూటలు మోసే హమాలీ. చదువు లేదు. బడిలో వేసేటప్పుడు అందరు తండ్రులూ అనే మాటే ఆయనా అన్నాడు. "తోలు మీది సారూ, బొక్కలు మావి." కొట్టండి, కానీ ఎముకలు మాత్రం మాకు తిరిగి అప్పగించండి అని. ఆ రోజు కబురు పంపితే మూటల బట్ట భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. పిల్లవాడు చెయ్యి పట్టుకుని, సారు కొట్టిండు బాపూ అన్నాడు. గోడెక్కాడు, పడ్డాడు అన్నాను నేను. ఆయన చెప్పు తీశాడు. "సారు మీదనే సాడీలు చెప్తవా?" అని వరండాలో, విరిగిన చేతి పిల్లవాణ్ణి, మెడ మీద, చెంపల మీద కొట్టాడు. నేను రెండు గజాల దూరంలో ఉన్నాను. ఆపలేదు. ఆ దెబ్బలు నేను డైరీలో రాయలేదు. నావి కావు కదా అనుకున్నాను.

పరీక్షల నాటికి చేతికి కట్టు ఉంది. అతను రాయలేదు. తర్వాత బడికి రాలేదు.

పదకొండు రోజులు డాబా ఎక్కలేదు. పన్నెండో రోజు స్కేలు తిరిగిచ్చే నెపంతో వెళ్లాను. అతను బంతులు ఏరుతున్నాడు.

"ఏం కావాలి నీకు?" అన్నాను.

"ఏమద్దు సార్. బాపు ఉన్నడు ఇంక. ఎనభై దాటినయి. ఇంటికి ఎవరొచ్చినా నా చెయ్యి పట్టి చూపిస్తడు, గోడెక్కి ఇరగ్గొట్టుకున్నడు, అబద్ధాలకోరు అని. పెండ్లిచూపులల్ల చెప్పిండు. నా బిడ్డకు గదే చెప్పిండు. నేను చెప్పి చెప్పి సాలించుకున్న. ఆయన పోయేలోపల ఒక్కసారి మీ నోటితోని చెప్పుండ్రి. గంతే."

ఆదివారం పొద్దున డైరీని సంచిలో పెట్టుకుని వెళ్లాను. మార్కెట్ వెనక సందులో వాళ్లవి రెండు గదులు. ముసలాయన ఇనుప మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కన చేతికర్ర. నన్ను పోల్చుకుని లేవబోయి, తూలి, మళ్లీ కూర్చున్నాడు.

"సారూ! మా ఇంటికా! ఒరేయ్, ఛాయ్ చెప్పుపో. మలాయి ఎక్కువ ఏయమను."

కొడుకు గుమ్మంలోంచే ఛాయ్‌కి కేకేసి వచ్చాడు. నిలబడే చెప్పాను. గోడ లేదు, పడలేదు, నేనే కొట్టాను, నేనే అబద్ధం చెప్పాను. ఆయన చివరిదాకా విని, నోట్లో మిగిలిన పళ్లతో నవ్వాడు.

"సార్లు గిట్లనే ఉంటరు. పిల్లగాని తప్పు గూడ మీదేస్కుంటరు."

"కాదు. నిజం."

"ఏమన్నవ్‌రా సారును?" కొడుకు వైపు తిరిగాడు. "పెద్దమనిషిని బెదిరిచ్చి తోల్కొచ్చినవా?" చేతికర్ర ఎత్తి కొడుకు మోకాలి మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఆ యాభై ఏళ్ల మనిషి పక్కకు జరగలేదు. ఆ రోజు వరండాలో నిలబడ్డట్టే, తల వంచి నిలబడ్డాడు.

డైరీ తీసి పేజీ చదివాను, వంకాయ కూర దాకా. ముసలాయన చెయ్యి ఊపాడు. "కాయితం మీద ఏమన్న రాస్కోవచ్చు సారూ. నాకెర్కనా?"

నా మాటకు ముప్పై అయిదేళ్ల కింద ఎంత బలముందో అంత బలమూ ఇంకా ఉంది. దాన్ని నా మాటతోనే కూల్చలేను.

"ఆ కర్ర ఇట్ల ఇవ్వు," అన్నాను.

ఇచ్చాడు. మూలనున్న చెక్క పీటను తెచ్చి మంచం పట్టె మీద, ఆయన తొడ పక్కనే ఆనించాను. "వీడి చెయ్యి ఇదీ. ఇట్ల బోర్లా పెట్టించిన," అన్నాను. మోచెయ్యి పక్కటెముకలకు ఆనించుకుని, చెయ్యి ఎత్తకుండా, మణికట్టు విదిలించాను. గది అదిరింది. కొడుకు కళ్లు మూసుకున్నాడు. రెండోది. రెండు వారాలు నేర్పినా, స్కేలు కట్టినా మారని విసురు అది. మూడోది. పీట నిలువునా చీలింది. ఒక చెక్కముక్క ఎగిరి గోడకు తగిలింది.

ముసలాయన మొహంలో నవ్వు పోయింది. ఆయన పీటను చూడలేదు. నా మణికట్టును చూశాడు. జీవితమంతా మూటలు మోసినవాడు, ఏ బరువు ఎక్కడ పడితే ఏది విరుగుతుందో ఆయనకు చదువుకోకుండానే తెలుసు.

"ఇటు రారా," అన్నాడు.

కొడుకు వచ్చాడు. ఆయన ఆ ఎడమ చెయ్యి ఒళ్లోకి తీసుకుని, బుడిపె మీద బొటనవేలు పెట్టి, అటూ ఇటూ తడిమాడు. వెనక్కి వంచబోయాడు. వంగలేదు.

"చెప్పుతోని ఎన్ని కొట్టిన్రా నిన్ను?"

"యాదికి లేదు బాపూ."

"నాకున్నది."

ఛాయ్ వచ్చింది. గ్లాసులు కిటికీలో పెట్టి బండి పిల్లవాడు వెళ్లిపోయాడు. ముసలాయన నా వైపు చెయ్యి చాపాడు. కర్ర ఆయన చేతిలో పెట్టి, వెనక్కి జరగకుండా నిలబడ్డాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆయన కర్రను మంచం కిందికి దొర్లించేశాడు.

"తోలు మీది అన్న సారూ. బొక్కలు మావని చెప్పిన గద."

కొడుకు అలవాటుగా ఒక గ్లాసు తీసి నాకు అందించబోయాడు.

"ఇయ్యకు," అన్నాడు తండ్రి. "ఇగ పోండ్రి సారూ."

ఇంటికొచ్చి డైరీ తెరిచాను. కుడి మణికట్టు వాచింది, అక్షరాలు వంకరపోయాయి. "చిక్కడపల్లి. మార్కెట్ వెనక. పీట మీద మూడు దెబ్బలు. మూడోదానికి చీలింది. తండ్రి నమ్మాడు."