గట్టిగా ఊదితేనే పలికేది

ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. అలా చూస్తే మా వదిన మీద నాకు సగం పెత్తనం ఉన్నట్టే. ఆ సగాన్నీ నేను ఆవిడ తరఫున మా అన్నయ్య మీదే ఖర్చు పెడుతుంటాను. ఒక కడుపున పుట్టామన్న మాటేగానీ, అన్నయ్య మంచితనం అంటే నాకు ఒళ్ళు మంట. చెడ్డవాడైతే తిట్టి ఊరుకోవచ్చు. మంచివాణ్ణి తిడితే లోకమంతా మనల్నే తిడుతుంది.

వదినకు రెండు పేర్లున్నాయి. ఆఫీసులో ఐసుగడ్డ, ఇంట్లో కుక్కర్. నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల ఫోన్ ఎత్తడం ఆవిడ ఉద్యోగం. కిటికీ లేని గది, వరసగా బల్లలు, బల్లకీ బల్లకీ మధ్య అట్టముక్కల్లాంటి అడ్డాలు. సాయంత్రం హెడ్‌ఫోను తీసేసరికి నడినెత్తిన జుట్టు అణిగిపోయి గీత పడి ఉంటుంది. ఊళ్ళో ఎవరింటికి నీళ్ళు రాకపోయినా ముందు తిట్లు తినేది ఆవిడే. గొంతు పెంచడానికి లేదు, వెనక గాజుగదిలో సూపర్‌వైజరు ప్రతి మాటా వింటుంటాడు. అవతలివాళ్ళు అమ్మనీ అబ్బనీ ఎత్తి తిట్టినా, “మీ ఇబ్బందికి చింతిస్తున్నామండీ” అనాలి. వదిన అలాగే అంటుంది, ఒక్క పిసరు కూడా మాట తూలకుండా. అందుకని ఐసుగడ్డ.

ఇంటికొచ్చాక గిన్నె పెట్టినా చప్పుడే, తలుపు వేసినా చప్పుడే. అందుకని కుక్కర్. ఈ రెండో పేరు అన్నయ్య పెట్టాడు. పెట్టి ఊరుకోకుండా నలుగురు కూర్చున్నప్పుడల్లా చెప్పి నవ్వుతాడు. పాపం, రోజంతా తిట్లు తింటుంది, ఆ విసుగు ఇంట్లో చూపిస్తుంది, నేను కాబట్టి సర్దుకుపోతున్నాను అని అతని లెక్క. వినేవాళ్ళు అతని ఓర్పుకి మురిసిపోతారు. నాకు ఆ నవ్వు వింటేనే అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఎందుకో చెప్పాలి. ఫోన్ల గదికి రాకముందు వదిన ఆ ఆఫీసులోనే రోడ్ల మీద పనిచేసేది. బళ్ళ రొద మొదలుకాకముందే వెళ్ళి, ఇనుప కడ్డీ ఒక కొస రోడ్డుకి, ఇంకో కొస చెవికి ఆనించి, భూమిలో నీళ్ళ గొట్టం ఎక్కడ కారుతోందో వినడం ఆవిడ పని. ఆవిడ సుద్దతో గీత గీసినచోట కూలీలు తవ్వేవాళ్ళు. చెప్పులకి మట్టి, చేతులకి సుద్ద పూసుకుని ఆకలిగా ఇంటికొచ్చేది. పెళ్ళైన కొత్తలో ఆ ఇంట్లో గిన్నెలకి నోళ్ళుండేవి కావు.

ఒకరోజు ఆఫీసుకెళ్తే ఆవిడ పేరు ఫోన్ల గదిలో వేసి ఉంది. అక్కడి పై అధికారి అన్నయ్యతో కలిసి చదువుకున్నవాడు. చీకటితో రోడ్ల మీద తిరిగే ఖర్మ మా ఆవిడకెందుకు, కాస్త నీడపట్టున కూర్చోబెట్టు అని అన్నయ్య అడిగాడు, ఆయన కూర్చోబెట్టాడు. వదినని ఒక మాట అడగాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. అంత మంచి మొగుడు ఎవరికి దొరుకుతాడని మా అమ్మ వీధంతా చెప్పుకుంది. గిన్నెల చప్పుడు మాత్రం ఆ వారంలోనే మొదలైంది.

ఇక వదిన విజిల్ సంగతి. టిన్ విజిల్ అంటే బస్సు కండక్టరు ఊదేది కాదు. జానెడుకి కాస్త ఎక్కువ పొడవున్న సన్నటి రేకు గొట్టం, ఆరు కన్నాలు, పైన ప్లాస్టిక్ మూతి. ఆఫీసు దారిలో వాద్యాల కొట్టు ఒకటుంది. ఆ మేడ మీద, బ్యాండులో వాయించి రిటైరైన మాస్టారు ఆదివారాలు పెద్దవాళ్ళకి నేర్పుతాడు. వదిన ఓ సాయంత్రం కొట్లోకి వెళ్ళి ఉన్నవాటిలో చవకదొకటి కొనుక్కుని, మాస్టారి దగ్గర చేరి వచ్చింది. ఎందుకు కొన్నావంటే, రోజంతా చెవులతోనే బతుకుతున్నాను, నోటికీ ఏదో పని ఉండాలి కదా అంది. అన్నయ్య దానికి పీపీ అని పేరు పెట్టాడు. పేర్లు పెట్టడంలో అతనికి సాటి లేరు.

ఈ వాయిద్యంతో ఒక పేచీ ఉంది. మెల్లగా ఊదితే కింది స్వరం, అవే వేళ్ళతో గట్టిగా ఊదితే పై స్వరం పలుకుతుంది. వదిన కొన్నదానికి ఆవగింజంత గాలి చాలు. వదిన ఊపిరి ఆవగింజంత ఉండదు. కింది స్వరం అందుకోగానే అది కీచుమని పైకి ఎగిరిపోయేది. స్నానాలగదిలో తలుపేసుకుని ఊదింది, బీరువాలో తలపెట్టి ఊదింది. కింది వాటాలో ఉన్న ఇంటాయన మెట్లెక్కి వచ్చి, పిల్లిని పెంచుతున్నారా అని అడిగి వెళ్ళాడు.

మాస్టారైతే ప్రతి ఆదివారం ఒకటే పాట. కోపం తగ్గించుకోమ్మా, గాలి దానంతటదే మెత్తబడుతుంది అనేవాడు. తోడు వెళ్ళి వెనక బల్ల మీద కూర్చునే నాకు ఆ మాట వింటే ఆయన కళ్ళజోడు లాగి కిటికీలోంచి విసరాలనిపించేది. కోపం మాత్రం ఉట్టినే వస్తుందా? ఎందుకమ్మా కోపం అని అడగవచ్చు కదా, ఒక్కసారి.

చివరికి అన్నయ్య తీర్పు చెప్పేశాడు. “ఇంకొక్కటి కొనుక్కో. మంచిది నేనే చూసి ఇప్పిస్తాను. అదీ ఇలాగే అరిస్తే ఇక ఈ ఇంట్లో పీపీ వద్దు.” బెండకాయ లేతదో ముదురుదో చూసి తేలేని మనిషి విజిల్ ఎంచడానికి బయలుదేరాడు. వదిన ఆ దారంతా నా చెయ్యి పట్టుకుని నడిచింది. రోజు మొత్తంలో ఆవిడకంటూ మిగిలింది ఆ ఊదుకునే కాసేపే. అదీ పోతుందేమోనని భయం.

కొట్టాయన గాజుబల్ల వెనకనుంచి అన్నయ్యతోనే మాట్లాడాడు. మేడమ్‌గారికి మెత్తగా పలికేవి చూపిస్తాను సార్ అంటూ ఒక్కొక్కటీ తీసి, స్పిరిటు దూదితో మూతి తుడిచి ఇచ్చాడు. అల్యూమినియంది కీచుమంది. ఇత్తడిది అంతకంటే ముందే కీచుమంది. చెక్కమూతి ఉన్నది కాసేపు ఆగి మరీ కీచుమంది. మాస్టారు మేడ దిగి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, మెత్తగా మెత్తగా అంటున్నాడు. అన్నయ్య నిదానం నిదానం అంటున్నాడు. వదిన మెడ మీద నరం ఉబ్బింది. ముగ్గురు మగాళ్ళు కలిసి ఒక మనిషికి ఊపిరి తీసుకోవడం నేర్పుతున్నారు.

అప్పుడు వదిన ఆ రోజు కొట్లో మొదటిసారి నోరు విప్పింది. “గట్టిగా ఊదితేనే పలికేది ఏమైనా ఉందా?”

కొట్టాయన ఆ ప్రశ్నకి కూడా జవాబు అన్నయ్యకే చెప్పాడు. ఒకటి ఉందిగానీ కొత్తవాళ్ళకి పనికిరాదట. గాలి పోయే సందు బాగా ఇరుకట. ఇద్దరు పట్టుకెళ్ళి, ఊదలేక రొప్పు వస్తోందని తిరిగి ఇచ్చేశారట. వదిన చెయ్యి చాపింది. అలాగే చాపి ఉంచింది, ఆయన సొరుగు లాగేవరకూ.

కాస్త మందపాటి గొట్టం, నల్లటి మూతి. వదిన ముందు మాస్టారు చెప్పినట్టే మెత్తగా ఊదింది. ఉస్సుమంది తప్ప పలకలేదు.

“చూశావా,” అన్నాడు అన్నయ్య. “లోపం పీపీలో లేదు, నీలో ఉంది. పద, ఇంటికెళ్దాం.”

వదిన కదల్లేదు. ఆరు కన్నాలూ మూసి, ఆవిడలో ఉన్నదంతా ఊదింది. అడుగు స్వరం వచ్చింది. కీచుమనలేదు, వణకలేదు. బరువుగా, తిన్నగా, ఊపిరి అయిపోయేదాకా నిలబడింది. మళ్ళీ ఊపిరి తీసుకుని మళ్ళీ ఊదింది. ఒక్కొక్క వేలూ ఎత్తుకుంటూ పైకి వెళ్ళి, దిగి వచ్చింది. ఎక్కడా జారలేదు. మాస్టారు మెత్తగా అనడం మానేశాడు. నాకు ఏడుపొచ్చింది, అది సంతోషమని మాత్రం అనను.

అన్నయ్య హాయిగా నవ్వాడు. ఇంతకీ మనిషి మంచివాడే కదా. “హమ్మయ్య. ఆ ఫోన్లు చేసేవాళ్ళ మీద కోపమంతా ఇక ఇందులో ఊదేసి, ఇంట్లో చల్లగా ఉండొచ్చు.”

వదిన మూతిని చీర చెంగుతో తుడిచింది. “వాళ్ళ మీద నాకు కోపమెందుకండీ? నీళ్ళు రాకపోతే అరుస్తారు. నేనైనా అరుస్తాను. నా కోపం మీ మీద.”

ఆవిడ ఆఫీసులో మాట్లాడే గొంతు నేను వినడం అదే మొదటిసారి. ఎత్తూ లేదు, పల్లమూ లేదు.

అన్నయ్య కొట్టాయన వంక చూశాడు, మాస్టారు వంక చూశాడు. “నా మీదా? నేనేం చేశాను?”

“నా పని తీసేశారు.”

“నీ మంచికే కదా చేసింది!”

“నన్ను అడగలేదు.”

అన్నయ్య నా వైపు తిరిగాడు. చెల్లెలు తన పక్షమే అనుకునే అమాయకత్వం ఇంకా మిగిలి ఉంది. “నువ్వైనా చెప్పవే.”

“అడగలేదు కదా అన్నయ్యా,” అన్నాను.

కొట్టాయన, ప్యాక్ చేయమంటారా సార్ అని అన్నయ్యనే అడిగాడు. వదిన విజిల్ని తన సంచిలో వేసుకుని, డబ్బు బల్ల మీద పెట్టి బయటికి నడిచింది. అన్నయ్య వెనకాలే వచ్చాడు. మనసు కష్టపెట్టుకున్నాడని తెలుస్తూనే ఉంది. కష్టపెట్టుకోనీ అనుకున్నాను.

మర్నాడు వదిన తిన్నగా పై అధికారి గదికి వెళ్ళి, నన్ను మళ్ళీ రోడ్డు పనికి పంపండి అని అడిగింది. తోడు వస్తానని అన్నయ్య అన్నా వద్దనే వెళ్ళింది. ఆ అధికారి కుర్చీలో వెనక్కి వాలి, అలాగేలే అమ్మా, ముందు మీ ఆయన్ని ఒకసారి నాతో మాట్లాడమను అన్నాడట.

“ఇన్నాళ్ళూ ఆయనే మాట్లాడారు కదా సార్,” అందట వదిన. “ఇప్పుడు నాతో మాట్లాడండి.”

ఆయన చూద్దాంలే అన్నాడు. వదిన పై వారం మళ్ళీ వెళ్ళింది, ఆ పై వారమూ వెళ్ళింది. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు. ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఆవిణ్ణి కుక్కర్ అనరు. ఆవిడ కోపం ఏమాత్రం తగ్గలేదు, ఆ పని చేతికొచ్చేదాకా తగ్గకూడదనే నా కోరిక.