సారు భాషకు వేసిన తాళం

తొంభైల మధ్యలో నేను అబిడ్స్‌కు టైపు నేర్చుకోవడానికి వెళ్లి, మెట్లు తప్పి, ఒక కంప్యూటర్ భాషలోకి వెళ్లిపడ్డాను. టైపు ఇన్‌స్టిట్యూట్ మొదటి అంతస్తులో ఉంది. నేను రెండో అంతస్తుకు ఎక్కేశాను. అక్కడ ఒక చిన్న గది, మూడు కంప్యూటర్లు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో ఒక పెద్దమనిషి.

"టైపు వస్తదా అమ్మా?" అని అడిగారు.

"రాదు సార్. నేర్చుకోనీకే వచ్చిన."

"మంచిగైంది. తప్పులు బాగ కొడ్తవ్. నాకు గసొంటోల్లే కావాలె."

ఆయన హాస్యానికి అన్నారనుకున్నాను. నిజంగానే అన్నారు. మెదక్ నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం వాళ్లది. మిషన్ బడిలో లెక్కలు చెప్పేవారు. ఉద్యోగం మానేసి, తెలుగు మాటలతో ప్రోగ్రాములు రాసే భాష ఒకటి సొంతంగా తయారు చేశారు. ఎవరైనా తప్పులు చేస్తేనే కదా, భాష వాటిని తట్టుకుంటుందో లేదో తెలిసేది! అలా తప్పులు కొట్టే ఉద్యోగంలో చేరాను. నాకు ఆ పని చాలా బాగా వచ్చేది.

టైపు చెయ్యడం ఇంగ్లీషు అక్షరాల్లోనే, మాటలు మాత్రం తెలుగు. అవి కూడా సారు ఇంట్లో మాట్లాడే తెలుగు. షరతు పెట్టాలంటే 'గట్లయితే', అది కుదరకపోతే 'గట్ల గాకుంటే', ఆపమనడానికి 'ఇగ చాలు'. తప్పు రాస్తే తెర మీద 'ఏందిది?' అని వచ్చేది. అదే తప్పు మళ్లీ చేస్తే 'మల్లా గదేనా?' అనేది. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒకాయన అది చూసి, "కంప్యూటర్ నన్ను గద్దిస్తోందేమిటండీ?" అని నొచ్చుకున్నారు. "గద్దిస్తలేదు, ప్రేమతోని అడుగుతుంది" అని సారు జవాబిచ్చారు. ఆయన కొనకుండానే వెళ్లిపోయారు.

ఆ భాషకు ఒక తాళం ఉండేది. కంప్యూటర్ వెనక, ప్రింటరు తీగ తగిలించే చోట, అగ్గిపెట్టెంత ప్లగ్గు ఒకటి పెట్టాలి. అది లేకపోతే భాష నోరు విప్పదు. లోపలి అసలు రాత, అంటే సోర్స్, ఉన్న ఫ్లాపీలేమో ఇనుప బీరువాలో ఉండేవి. ఆ బీరువా చెవి సారు మెడలో, శిలువ పక్కనే వేలాడేది.

రెండు వేల సంవత్సరం దాటాక, అబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద కొన్న ఒక పాత పత్రికలో చదివాను: ప్రోగ్రాముల సోర్స్ అందరికీ ఇచ్చేస్తున్నారట, ఎవరైనా చూడవచ్చు, మార్చవచ్చునట. సోమవారం పొద్దున్నే సారును అడిగాను.

"సార్, మనది గూడ ఇద్దామా?"

"ఎందుకియ్యాలె?"

"భాషంటే అందరిది గద సార్. తెలుగుకు తాళమేసినోల్లున్నరా?"

"తెలుగును నేను తయారు చెయ్యలే. గిది చేసిన" అన్నారు సారు.

టిఫిన్ డబ్బా తెచ్చిన ఆయన భార్య నవ్వారు. ఆవిడ కూడా బడిలో పంతులమ్మ. మేమంతా టీచరమ్మ అనేవాళ్లం. ఆ రోజుకు నేనే ఓడిపోయాను. కానీ వారానికోసారి అదే మాట ఎత్తేదాన్ని. సారు 'మల్లా గదేనా?' అనేవారు, అచ్చం తన భాషలాగే.

సారు భాషలో నేను రాసిన మొదటి పెద్ద ప్రోగ్రాం ఒక పెళ్లిళ్ల బ్యూరో కోసం. నాంపల్లి స్టేషన్‌కు ఎదురు సందులో ఒక ఆంటీ దాన్ని నడిపేవారు. ఎత్తు, చదువు, మాంసం తింటారా లేదా, అత్తగారితో కలిసి ఉంటారా లేదా, అన్నీ అడిగి ప్రోగ్రాం జోడీలు చూపించేది. ఒకసారి నా పొరపాటు వల్ల అన్నను చెల్లెలికి సంబంధంగా చూపించింది. ఆంటీ చూసి లెంపలేసుకున్నారు.

ఒక శుక్రవారం ఆంటీ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు. కొత్తగా చేరిన పనామె కంప్యూటర్‌ను వెనక కూడా శుభ్రం చెయ్యాలని తడిగుడ్డతో తుడిచిందట. తాళం చచ్చిపోయింది. ఆదివారం హాల్లో పెళ్లి సంబంధాల పరిచయ సభ.

"ఇంత మంది పిల్లలను పిలిచి, ఎవరిని ఎవరి ముంగట కూసోబెట్టాలె బిడ్డా?" అన్నారు కళ్లనీళ్లతో.

కొత్త తాళాలు సొరుగులో ఉన్నాయి. కానీ వాటికి ఒక రహస్య అంకె ఎక్కించాలి. ఆ అంకె సారుకు ఒక్కరికే తెలుసు. సారేమో ఆ పొద్దున్నే పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ అని నాంపల్లిలోనే ఒక దవాఖానలో చేరారు.

పరుగెత్తాను. అప్పటికే ఆయన్ని స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. పక్కనే టీచరమ్మ, తల దగ్గర నర్సమ్మ.

"సార్, తాళం అంకె!"

"ఆపరేషన్ అయినంక చెప్త."

"జర చెప్పున్రి. పోరి ఉరికొచ్చింది" అన్నారు టీచరమ్మ.

"నర్సమ్మను బయటికి పొమ్మను."

"నేను పోను. కావాలంటే చెవులు మూసుకుంట" అంది నర్సమ్మ. మూసుకుంది కూడా. సారు నా చెవిలో గుసగుసగా చెప్పారు. కానీ మత్తుకు ముందు ఇచ్చిన సూది వల్లనేమో, గుసగుస గట్టిగానే వచ్చింది.

"గది మీ పాత స్కూటర్ నంబరు గద! మన పెండ్లి తారీఖు పెట్టొద్దా?" అన్నారు టీచరమ్మ.

"గది ఎవరన్న కనిపెడ్తరు."

"మీకే యాదికుండదు, ఇంక ఎవరు కనిపెడ్తరు?"

నర్సమ్మ చెవులు మూసుకునే నవ్వింది. స్ట్రెచర్ కదిలింది. అప్పుడు టీచరమ్మ నవ్వు ఆగిపోయింది. ఆయన చెయ్యి పట్టుకుని, "మీకేమన్న అయితే మీ భాషకు దిక్కెవరు?" అన్నారు మెల్లగా. తలుపులు మూసుకున్నాయి.

రాళ్లు బయటికొచ్చాయి, సారు క్షేమంగా లేచారు. ఆ అంకెతో కొత్త తాళం పనిచేసి, ఆదివారం సభ కూడా జరిగింది. తిండికి ఆంక్షలు తీరిన రోజు సారు టీచరమ్మనూ నన్నూ మొజంజాహీ మార్కెట్‌కు తీసుకెళ్లి సీతాఫలం ఐస్‌క్రీం తినిపించారు. కప్పు ఖాళీ అయ్యాక అన్నారు:

"దొంగతనం ఫికర్ గాదు నాకు. లోపల చూస్తే నవ్వుతరని."

మర్నాడు మెడలోంచి బీరువా చెవి తీసి నా చేతిలో పెట్టారు. సోర్స్ చదివాను. నవ్వాను, దాచడమెందుకు! ఒక చోట తనకోసం రాసుకున్న గమనిక ఇలా ఉంది: 'ఇది ఎందుకు పనిచేస్తున్నదో తెలియదు. దేవుని కృప. ముట్టరాదు.' ఇంకో చోట: 'ఇది సిగ్గుచేటు. క్రిస్మస్ సెలవుల్లో సరిచేయాలి.' ఎన్ని క్రిస్మస్‌లు గడిచాయో మరి.

"నవ్వినవా?" అన్నారు.

"నవ్విన సార్. గాని లోపల ఎట్ల నడుస్తదో అర్థమైంది. ఇంతకు ముందు అర్థం గాలే."

తాళం అడిగే భాగాన్ని ఆయన చేతులతోనే చెరిపేశారు. అబిడ్స్‌లో ఒక ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లి సోర్స్ అంతా లోకానికి వదిలాం. సారు రోజూ వెళ్లి చూసేవారు. లోకం నుంచి ఉలుకూ పలుకూ లేదు. నెల దాటాక రాజమండ్రి నుంచి ఒక లెక్చరర్ ఉత్తరం పంపారు. మూడు తప్పులు చూపించి, 'ఏందిది?' బదులు 'దయచేసి మరొకసారి పరిశీలించండి' అని మార్చుకున్నానని రాశారు.

సారు రెండు రోజులు అలిగారు. మూడో రోజు తప్పులు మూడూ దిద్దారు. మాటలు మాత్రం మార్చలేదు. "తప్పు చేసినోన్ని గంత మర్యాదగ అడిగితే మల్లా చేస్తడు" అన్నారు.

ఆ భాష లోకాన్నేమీ ఏలలేదు. వాడినవాళ్లందరినీ ఒక సిటీ బస్సులో కూర్చోబెట్టవచ్చు. కానీ ఆ లెక్చరర్, సారు ఏళ్ల తరబడి పోట్లాడుకుంటూ ఉత్తరాలు రాసుకున్నారు. సారు ముఖం ఆ ఉత్తరాలు వచ్చిన రోజే వెలిగేది.

ముట్టరాదన్న చోటును చివరికి నేను ముట్టాను. తప్పు దొరికింది, సరిచేశాను. సారు సోర్స్ మొదట్లో తన పేరు కింద నా పేరు రాశారు. ఇంటికెళ్లి మా నాన్నకు చెప్పాను. తాపీ పని చేసి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు.

"సారు తప్పు నువ్వు దిద్దినవా? సారుకు ఎర్కేనా?" అన్నాడు భయంగా.

"ఎర్కే నాయినా."

"మరి ఏమన్లేదా?"

"ఇంకేమన్న ఉన్నయేమో చూడమన్నరు."