సుశీలమ్మ టీచరూ, నా మూడో ఏడాదీ

మొన్న తెనాలిలో రేపల్లె రైలెక్కి కూర్చోగానే పక్కనున్న పెద్దావిడ నుదుటికి నీలగిరి తైలం రాసుకుంది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే సుశీలమ్మ టీచర్ గుర్తొచ్చారు. రేపల్లెలో మా వీధిలోనే ఉండేవారు, హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పారు. ఎప్పుడూ తలనొప్పే. చేతిసంచిలో ఆ తైలం సీసా లేనిదే గడప దాటేవారు కాదు.

ఎనభయ్యో దశకం చివర్లో నేను రోజూ ఇదే రైల్లో తెనాలి వెళ్లి బీయస్సీ చదివేదాన్ని. రెండో ఏడాది పరీక్షలు రాసిన వేసవిలో నాన్న నడుము దెబ్బతిని కూలికి వెళ్లలేకపోయాడు. స్కాలర్‌షిప్ కోసం ఎక్కడ అడిగినా ఒకటే జవాబు, కొత్తగా చేరేవాళ్లకే ఇస్తామని. వానలు పడి కాలేజీ తెరిచాక, చదువు మానేస్తున్నానని చెప్పడానికి టీచర్ దగ్గరికి వెళ్లాను.

"లేదన్నదెవరు?"

"ఆఫీసుల్లో గుమాస్తాలండి."

"ఇచ్చేవాళ్లని అడక్కుండానే మానేస్తావా? బాపట్లలో పేదపిల్లల్ని చదివించే ట్రస్టొకటి ఉందట. రేపు పొద్దున్నే తయారవ్వు."

మర్నాడు చెరుకుపల్లి మీదుగా బస్సులో వెళ్లాం. దారి పొడవునా నాట్లు పడుతున్నాయి. తీరా ట్రస్టు గుమ్మం దగ్గర టీచర్ ఆగిపోయారు. "నేనొస్తే పంతులమ్మనని నా మొహం చూసి ఇస్తారు. నీ చదువు సంగతి నువ్వే చెప్పుకో అమ్మాయ్."

లోపల ముగ్గురు పెద్దవాళ్లు. మధ్యలో పంచె కట్టుకున్నాయన, "మేం కొత్తవాళ్లకే ఇస్తామమ్మా. రెండేళ్లు చదివావుగా, చాల్లే" అన్నాడు. బస్సులో కూడబలుక్కున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. అమ్మతో చేలల్లో పనిచేసినదాన్ని, నాకు తెలిసిందే నోటికొచ్చింది.

"నాట్లేసి, కలుపు తీసి, పొట్టకొచ్చిన చేనండీ నాది. ఇప్పుడు నీళ్లు ఆపేస్తే ఎట్లా అండీ?"

ఆయన పక్కవాళ్ల వైపు చూసి నవ్వేశాడు. "ఈ పిల్లకే కాదు, చదువు మధ్యలో ఉన్నవాళ్లందరికీ ఈ ఏటి నుంచి ఇద్దామండీ" అన్నాడు. మిగతా ఇద్దరూ తలూపారు.

బయట టీచర్ వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నారు. "ఇస్తామన్నారండీ!" అని వీధంతా వినబడేలా అరిచాను. క్లాసులో ఏనాడూ పళ్లు కనబడేలా నవ్వని మనిషి నన్ను వాటేసుకుని పకపకా నవ్వారు. ఎదురుగా ఉన్న హోటల్లో పెసరట్టు తినిపించారు.

"మీ మేలు మరిచిపోనండీ" అన్నాను, కళ్లు తుడుచుకుంటూ.

"మరిచిపోయినా ఫర్లేదు. సాయం తీసుకున్నానని తలొంచుకు మాత్రం తిరగకు."

మరుసటి వేసవిలో ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. మా ఇంట్లో మొదటి డిగ్రీ అది. తర్వాత ఉద్యోగమొచ్చింది. ఒకరిని అడగాల్సిన రోజులూ వచ్చాయి, ఒకరికి పెట్టగలిగే రోజులూ వచ్చాయి. అడిగినప్పుడు నా తల వంగలేదు. ఇచ్చినప్పుడు ఎదుటి మనిషి తల వంగనివ్వలేదు.