దాసప్ప బస్సుకు రివర్స్ లేదు

దాసప్పను గురించి మొదట తెలుసుకోవలసింది ఒక్కటే. ఆయన వెనక్కి పోడు. తన బస్సును పోనివ్వడు, తానూ పోడు.

కళ్ళజోడు ఇంట్లో మరిచి నాలుగడుగులు వేశాక గుర్తొస్తే మనలాంటివాళ్ళం గిరుక్కున తిరుగుతాం. దాసప్ప అలాగే ముందుకు నడిచి, వీధి చివర పిండిమర దగ్గర మలుపు తిరిగి, చుట్టూ వచ్చి పెరటి వాకిట్లోంచి ఇంట్లోకి వెళతాడు. ఆయన భార్య అలివేలు అప్పటికే కళ్ళజోడు పట్టుకుని పెరటి గడపలో నిలబడి ఉంటుంది. ఒక పెళ్ళిలో ఒబ్బట్లు వడ్డించే మనిషితో ధ్యాస తప్పి "వద్దప్పా" అన్నాడట. పక్క ఆకులో ఒబ్బట్టు మీద నెయ్యి కారుతుంటే కన్నార్పకుండా చూస్తూ కూర్చున్నాడే గాని, అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

మదనపల్లె నుంచి వచ్చిన ధనుంజయ్‌కి ఇవేవీ తెలియవు. హోసూరులో ఒక కంపెనీకి స్టాఫ్ బస్సు నడిపేవాడు. కాంట్రాక్టు అయిపోయింది. ఇంట్లో భార్య, స్కూల్లో పిల్ల, చేతిలో హెవీ లైసెన్సు. ఆ లైసెన్సు పట్టుకుని దాసప్ప దగ్గరికి వచ్చాడు. దాసప్ప అతణ్ణి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి గేరు రాడ్డు మీద చెయ్యి వేశాడు.

"ఫస్టు, సెకండు, థర్డు, ఫోర్తు, టాపు. ఇవన్నీ నీవి. రివర్స్ మాత్రం నాది. దాని జోలికి పోవద్దు."

"పని చేయదా సామీ?"

"చేస్తాదో చేయదో నీకేంటికప్పా? పక్కింటోళ్ళ ఆవు పాలిస్తాదా లేదా అని పోయి చూస్తామా?"

వెనక నుంచి కండక్టరు సోమప్ప గొంతు వినిపించింది. "ఒప్పుకో అప్పా. నేను పద్దెనిమిదేండ్ల కింద ఒప్పుకున్నాను. ఇంతవరకూ బాగానే ఉండాను."

శ్రీ మునేశ్వర మోటార్ సర్వీసును దాసప్ప తండ్రి ఆంజప్ప ఏభై ఏళ్ళ కిందట వేలంపాటలో కొన్న ఒక ముసలి బస్సుతో మొదలుపెట్టాడు. ఆ బస్సుకు ముందు అద్దం లేదు. డ్రైవరు తలకు తువ్వాలు చుట్టుకుని, కళ్ళలో దుమ్ము పడితే ఆపి కడుక్కుని నడిపేవాడట. తర్వాత అద్దం వచ్చింది. ఆ తర్వాత బస్సులు నాలుగై, కావేరిపట్టణం, ఊత్తంగరై దాకా పోయాయి. ఇప్పుడు ఆడవాళ్ళు టికెట్టు లేని ప్రభుత్వ బస్సు ఎక్కుతున్నారు, మగవాళ్ళకు మోటారు సైకిళ్ళు వచ్చాయి, మిగిలినవాళ్ళను షేర్ ఆటోలు ఏరుకుపోతున్నాయి. సర్వీసుకు మిగిలింది ఒక బస్సు, ఒక డ్రైవరు, ఒక కండక్టరు, హోసూరు నుంచి అత్తిముగం దాకా ఒక పర్మిట్. ఆ పర్మిట్ కాగితాన్ని దాసప్ప మునేశ్వరుడి పటం వెనక దాచి, పటంతోపాటు దానికీ దండం పెట్టుకుంటాడు.

రివర్స్ ఎందుకు వద్దో ఆయన ఒక్కొక్కరికి ఒక్కొక్కటి చెప్పాడు. మెకానిక్కుకు గేరుపళ్ళు అరుగుతాయన్నాడు. పూజారికి మునేశ్వరుడి మొక్కన్నాడు. అలివేలు అడిగితే, "పెండ్లిలో నేను వెనక్కి తిరిగి చూసినానా? అట్లనే ఇదీ" అన్నాడు. చూసి ఉంటే బాగుండేదని ఆమె అప్పుడే చెప్పింది.

రెండో వారంలోనే ధనుంజయ్‌కి పరీక్ష వచ్చింది. ఇరుకు కల్వర్టు మీద బస్సుకు ఎదురుగా టమోటా లారీ. రెండడుగులు వెనక్కి పోతే చాలు, లారీ దూరిపోతుంది.

"తియ్యప్పా వెనక్కి," అన్నాడు లారీ డ్రైవరు.

"మాకు లేదన్నా," అన్నాడు ధనుంజయ్ సిగ్గుపడుతూ.

"ఏం లేదు?"

"రివర్స్."

లారీ డ్రైవరు దిగి వచ్చి బస్సు చుట్టూ ఒకసారి నడిచాడు, ఇంకా ఏమేమి లేవో చూద్దామన్నట్టు. ఈలోగా కిటికీల్లోంచి ఆడవాళ్ళు అందుకున్నారు. "దాసప్ప బస్సని తెలిసీ ఎదురొచ్చినావే, నీ తప్పు కాదా?" "నీకుంది కదా రివర్స్, నువ్వు పో." ఉన్నవాడికే కష్టమని గొణుక్కుంటూ అతడు అర ఫర్లాంగు వెనక్కి పోయాడు.

అన్నిటికంటే వింత అత్తిముగంలో. పర్మిట్ అక్కడితో సరి. బడి ముందు ఉన్న చోటులో ఒకసారి వెనక్కి తీసుకుంటే బస్సు హోసూరు వైపు తిరుగుతుంది. కాని రివర్స్ లేదు కనుక బస్సు రెండు కిలోమీటర్లు మట్టిరోడ్డు మీద గొర్లదిన్నె దాకా పోయి, అక్కడ పాల డెయిరీ చుట్టూ తిరిగి రావాలి. గొర్లదిన్నెలో గొర్రెలు మేపుకునేవాళ్ళవి నలభై ఇళ్ళు. బస్సు ఎలాగూ వస్తోంది కదా అని వాళ్ళు ఎక్కేవాళ్ళు. పొద్దున ఆరింటికి మెడలో కంపెనీ కార్డులతో ఆడపిల్లలు, హోసూరు ఆస్పత్రిలో మోకాళ్ళు చూపించుకునే మునివెంకటమ్మ, సంతరోజైతే రెండు మేకపిల్లలు. అత్తిముగం దాకా వాళ్ళకు టికెట్టు లేదు. "మనం తిప్పుకునేదానికి పోతాం. మన పనికి వాళ్ళ దగ్గర దుడ్లు తీసుకుంటామా?" అనేవాడు దాసప్ప.

ముసలాయన పిచ్చి ఆ ఊరికి భలే కలిసొచ్చిందని ధనుంజయ్ నవ్వుకునేవాడు.

ఎనిమిదో నెలలో ఆ నవ్వు ఆగిపోయింది. బస్సు పర్మిట్ దాటి పోతోందని ఎవరో అర్జీ పెట్టారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ సుధామణి ఫైలు చంకలో పెట్టుకుని అత్తిముగంలో దిగింది. అర్జీ నిజమైతే పర్మిట్ రద్దు చేయొచ్చు. అంటే సర్వీసు మూసేసినట్టే. ధనుంజయ్‌కి మొదట గుర్తొచ్చింది స్కూలు యూనిఫాంలో ఉన్న కూతురు.

"రూటు దాటి ఏంటికి పోతాండారు?" అని అడిగింది సుధామణి.

"బస్సుకు రివర్స్ లేదు మేడమ్," అన్నాడు దాసప్ప.

"రివర్స్ లేని బస్సు రోడ్డు మీద ఉండకూడదు. రివర్స్ ఉందంటే ఆ ఊరికి పోకూడదు. రెండిట్లో ఏదో చెప్పండి."

టీకొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళు సాయానికి వచ్చారు. "ఆయనకే రివర్స్ లేదు మేడమ్. ఇంట్లోకి కూడా పెరట్లోంచి పోతాడు. ఒబ్బట్టు సంగతి విన్నారా?"

సుధామణి వినలేదు. "డ్రైవర్, రివర్స్ వెయ్యి" అంది.

ధనుంజయ్ దాసప్ప వైపు చూశాడు. దాసప్ప ఆకాశం వైపు చూశాడు. ధనుంజయ్ కళ్ళు మూసుకుని రాడ్డు లాగాడు. వెన్నలో వేలు పెట్టినంత మెత్తగా గేరు పడింది. బస్సు వెనక ఎక్కడో కీచుమని మోత మొదలై, శ్రీ మునేశ్వర మోటార్ సర్వీసు పది అడుగులు వెనక్కి నడిచింది. టీకొట్టులో గ్లాసులు ఆగిపోయాయి. వెనక నిలబడి విజిల్ వేయవలసిన సోమప్ప, బస్సు తన మీదికి వస్తుంటే ఏం చేయాలో తోచక ముందుగా దండం పెట్టాడు.

"బాగానే పోతాంది కదా," అంది సుధామణి.

"ఆ ఊరు చూపించండి," అని ఆమె బస్సెక్కింది.

గొర్లదిన్నెలో మునివెంకటమ్మ చేతికర్ర ఆనించుకుని డెయిరీ అరుగు మీద కూర్చుని ఉంది. విషయం విని దాసప్పను ఒక్క చూపు చూసింది. "ఇంకా ఆ అబద్ధమే చెప్తాండావా దాసప్పా? నేను చెప్తా కూర్చోమ్మా. ఇరవై రెండేండ్ల కిందట మా కోడలికి నొప్పులొస్తే మంచం మీద మోసుకొని అత్తిముగం పోయినాం. అప్పుడే బస్సు తిప్పుకొని పోయింది. ఎగరేసిన దుమ్ము ఇంకా దిగలేదు. చింతచెట్టు కింద బిడ్డ పుట్టేసింది. ఇదిగో, ఇదే." పక్కన కంపెనీ కార్డుతో నిలబడిన శశికళ తల వంచుకుని నవ్వింది. "ఆ పొద్దు బస్సు నడిపింది ఈయప్పే. అద్దంలో మా మంచం కనపడినా గుర్తుపట్టలేదని మర్నాడు వచ్చి చెప్పినాడు. ఆ నాటినుంచే బస్సుకు రివర్స్ పోయింది."

"ఊరికి బస్సు కావాలని అర్జీ పెట్టొచ్చు కదా?" అంది సుధామణి.

"నాలుగుసార్లు పెట్టినాను మేడమ్," అన్నాడు దాసప్ప నేల చూపులు చూస్తూ. "బస్సు తిప్పుకునేదానికి ఈడ చోటు లేదని నాలుగుసార్లూ రాసినారు."

సుధామణి ఫైలు తిప్పింది. ఆ మాటే ఉంది. డెయిరీ చుట్టూ చూసింది. బస్సు తిరగడానికి వీలుగా, గుర్రప్ప అనే కాపరి గొర్రెల దొడ్డి గోడ ఒక మూల గుండ్రంగా కోసి ఉంది. గడ్డివాములన్నీ ఒక పక్కకు జరిగి ఉన్నాయి. నేల మీద ఇరవై రెండేళ్ళ చక్రాల జాడ, గిరిగీసినట్టు.

"డ్రైవర్, తిప్పు. రివర్స్ లేకుండా."

ధనుంజయ్ తిప్పాడు. ఆమె ఇంకోసారి తిప్పమంది. ఇంకోసారి తిప్పాడు. ఆమె బోనెట్ మీద కాగితం పెట్టుకుని, 'బస్సు వెనక్కి తీయవలసిన అవసరమే లేకుండా తిరుగుతోంది, చోటు చాలినంత ఉంది' అని రాసింది. ఇన్నాళ్ళూ రూటు దాటి తిప్పినందుకు జరిమానా కూడా రాసింది. "ఐదో అర్జీ రేపే పెట్టండి. అంతవరకూ రివర్స్ ఉందని గుర్తు పెట్టుకోండి."

దాసప్ప అంత పొడవైన ఊపిరి వదలడం ధనుంజయ్ ఎప్పుడూ చూడలేదు.

మూడు నెలలు బస్సు అత్తిముగంలో కీచుమంటూ వెనక్కి తిరిగింది. ఆ మూడు నెలలూ దాసప్ప మట్టిరోడ్డు మీద మోపెడ్‌తో మునివెంకటమ్మను, కంపెనీ పిల్లలను విడతలు విడతలుగా మోశాడు. నాలుగో నెల పర్మిట్ వచ్చింది: హోసూరు నుంచి గొర్లదిన్నె. అలివేలు, "ఇంకనైనా ఏదన్నా మరిస్తే ముందర వాకిట్లోంచే తిరిగి రాకూడదా?" అంది. ఇరవై రెండేళ్ళ అలవాటు, ముందర వాకిలి తనకిప్పుడు కొత్తగా ఉందన్నాడు దాసప్ప.

మొదటి రోజు బస్సుకు బంతిపూల దండ కట్టారు. డెయిరీ దగ్గర అందరూ దిగాక ధనుంజయ్ హాయిగా రివర్స్ మీద చెయ్యి వేశాడు.

"ఏం చేస్తాండావప్పా?" అన్నాడు దాసప్ప.

"ఇంకేంటికి సామీ ఆ వేషం? ఈడికి పర్మిట్ వచ్చేసింది కదా."

దాసప్ప అద్దంలోంచి ముందుకు చూశాడు. మట్టిరోడ్డు గుట్ట పక్కకు వంపు తిరిగి పోతోంది.

"ఆ తట్టు ఇంకా పదకొండు ఇండ్లు ఉండాయి."

"ఆడ తిప్పుకునే చోటుందా సామీ?"

"గుర్రప్ప నిన్ననే కంప కొట్టించినాడు."

వెనక నుంచి సోమప్ప "ఒప్పుకో అప్పా" అన్నాడు. అప్పటికే ధనుంజయ్ చెయ్యి ఫస్టు గేరు మీద ఉంది.