చాటచేపకు లంఖణం

బేరంలో గెలిస్తే బతుకులో గెలిచినట్టేనని నేను గట్టిగా నమ్మిన రోజులవి. జనగామలో నాయిన కిరాణా దుకాణం పక్కనే సెల్‌ఫోన్ల దుకాణం కొత్తగా తెరిచాను. గిరాకీని లోపలికి లాగడానికి ఏదైనా వింత చేప కావాలనిపించి, మహబూబాబాద్‌లో అక్వేరియం దుకాణం ఎత్తేస్తున్న ఒకన్న దగ్గరికి పోయాను. ఆయన దగ్గర మంచినీళ్లలో బతికే స్టింగ్‌రే ఉంది. పళ్లెంలా పలచటి ఒళ్లు, కొరడా లాంటి తోక (మా బజారు తర్వాత దానికి చాటచేప అని పేరు పెట్టింది). చూడగానే మనసు పడ్డాను. మనసు పడ్డ సరుకును ముందు తిట్టాలి, అది మా ఇంటి చదువు. తోక మొదట్లో వీపు కాస్త ఉబ్బి కనిపించింది.

"గిదేందన్నా, ఒళ్లంత వాచింది. రోగపుదాన్ని అంటగడుతున్నవా?" అన్నాను.

"రోగం గాదు తమ్మీ, సూలుతోటున్నది. రెండింతలు తింటది. రొయ్యలు, ఎర్రలు కడుపునిండ పెట్టు."

"అంటే కడుపులున్న పిల్లలకు గూడ పైసలడుగుతున్నవన్నట్టు."

ఆయన నవ్వలేదు. దుకాణం ఖాళీ చేసే తొందరలో ఉన్న మనిషి, నేనన్న ధరకే ఇచ్చేశాడు. అమ్మేవాడు చెప్పే ప్రతి మాటా ధర పెంచడానికేనని నా నమ్మకం. అందుకని సూలు సంగతి అక్కడే వదిలేసి, బేరం కోసం నేనే కల్పించిన రోగాన్ని మాత్రం నిజమనుకుని ఇంటికి తెచ్చుకున్నాను. నాయినను అడిగితే, గల్లాపెట్టె మీంచి తల ఎత్తకుండానే లంఖణం పరమౌషధం అన్నాడు (అది మనుషులకు చెప్పిన మాటని ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు). ఇక రోజు విడిచి రోజు తిండి, అదీ నాలుగు రొయ్యలు. నన్ను చూడగానే అది తొట్టి అద్దానికి పొట్ట ఆనించి, అంచులు అల్లాడించుకుంటూ పైకి పాకేది. డ్యాన్స్ చేస్తోందని వచ్చినవాళ్లంతా వీడియోలు తీసుకునేవారు. వాళ్లకంటే నేనే ఎక్కువ మురిసిపోయాను. తిండి అడుగుతోందని ఒక్కరికీ తోచలేదు.

మూడో వారం ఒక పొద్దున షట్టర్ ఎత్తేసరికి తొట్టి అడుగున మూడు పిల్లలు, అరచేతిలో సగం కూడా లేవు. రెండు కదలడం లేదు. మూడోది సాయంత్రం దాకా ఉంది.

ఆ అన్నకు ఫోన్ చేశాను. తిడతాడనుకుని జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. పిల్లలు పోయిన సంగతి చెప్పాను.

"తల్లి తింటున్నదా?" అన్నాడు.

"తింటున్నదన్నా."

"జర ఎక్కువ పెట్టు మరి," అన్నాడు. అంతే. నేను సిద్ధం చేసుకున్న జవాబుల్లో ఒక్కటీ దానికి పనికిరాలేదు.

తర్వాత నాలుగేళ్లు అది నా దగ్గరే బతికింది, అడిగినప్పుడల్లా తిన్నది. మళ్లీ సూలు మాత్రం కట్టలేదు. నేను బేరాలు మానలేదు, అది పోయే జబ్బు కాదు. ఇప్పటికీ అంగడిలో వంకాయలను పుచ్చులని తిట్టి, ధర తగ్గించే తెస్తాను. ఇంటికి వచ్చాక మాత్రం కత్తిపీట ముందేసుకుని ఒక్కొక్కటే కోసి చూస్తాను. మా ఆవిడ నవ్వుతుంది. పుచ్చు ఎప్పుడో గాని కనిపించదు.